చిన్న విమానాశ్రయానికి విమానం రప్పించాలంటే డబ్బు ఏ రూపంలో ఇవ్వాలి?

#1 గాలివాటు

అందరికీ నమస్కారం. ఒక చిన్న విమానాశ్రయానికి రోజుకో సర్వీసు తెప్పించాలని ప్రయత్నిస్తున్న కమిటీలో నేనూ ఉన్నాను. రన్‌వే ఉంది, టెర్మినల్ ఉంది, ఫైరింజన్లు ఉన్నాయి. విమానం మాత్రం రావడం లేదు. ఇన్నాళ్లకు ఒక ఎయిర్‌లైన్‌తో మాటలు కొలిక్కి వచ్చేలా ఉన్నాయి. వాళ్లు రెండు అడుగుతున్నారు. ల్యాండింగ్, పార్కింగ్ ఫీజులు రెండేళ్లు మాఫీ చేయాలి. మొదటి ఏడాది కనీస రాబడి హామీ ఇవ్వాలి, అంటే అనుకున్న రాబడికి ఎంత తగ్గితే అంత మేం కట్టాలి.

కమిటీలో సగం మంది ‘ఇవ్వకపోతే ఎవరూ రారు’ అంటున్నారు. మిగతావాళ్లు ‘మనం డబ్బు ఆపిన రోజే వాళ్లూ విమానం ఆపేస్తారు’ అంటున్నారు. రెండు వాదనలూ నిజమే అనిపిస్తున్నాయి, అందుకే టెన్షన్. పెట్టేది జనం డబ్బు. ఇలాంటి ఒప్పందాలు దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి, ఏ దేశం సంగతైనా సరే.

#2 రన్‌వే_27

ఫీజుల మాఫీకి నిశ్చింతగా ఒప్పుకోండి. ఖాళీగా పడి ఉన్న రన్‌వే మీద రాని ఫీజు వదులుకుంటే పోయేదేమీ లేదు. రాబడి హామీ దగ్గర మాత్రం ఆగండి. అది సంతకం పెట్టిన ఖాళీ చెక్కు.

#3 షెడ్యూల్‌బల్ల

చాలా ఏళ్లు ఎయిర్‌లైన్ వైపు కూర్చుని రూట్లు ప్లాన్ చేసినవాణ్ణి. అక్కడ నిర్ణయం ఎలా జరుగుతుందో చెబుతాను.

ఫీజుల మాఫీ వద్దని ఏ ఎయిర్‌లైనూ అనదు. కానీ దాని కోసమే ఎవరూ రారు. ఒక ఫ్లైటు ఖర్చులో పెద్ద వాటా ఇంధనం, విమానం లీజు, పైలట్లు, సిబ్బంది, మెయింటెనెన్స్‌లదే. వాటి ముందు చిన్న విమానాశ్రయం వసూలు చేసే ల్యాండింగ్ ఫీజు ఏపాటిది? ప్లానింగ్ గదిలో మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ‘ఈ రూటులో లాభం వస్తుందా’ అని కూడా కాదు. ‘ఈ విమానం ఇవే గంటల్లో ఇంకెక్కడ ఎగిరితే ఎక్కువ సంపాదిస్తుంది’ అని. కొద్దో గొప్పో లాభం ఉన్న రూటు కూడా అంతకన్నా మంచి రూటు ముందు ఓడిపోతుంది. చిన్న ఊళ్లకు విమానం రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

రాబడి హామీ ఎందుకు పుట్టిందంటే, ఏ కొత్త రూటైనా మొదటి కొన్ని నెలలు నష్టంలోనే నడుస్తుంది. సర్వీసు ఉందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లకు నమ్మకం ఉండదు. కంపెనీలు తమ ఉద్యోగులను ఇంకా పాత దారిలోనే పంపుతుంటాయి. ఆ గడ్డుకాలం దాటించడానికే హామీ.

లెక్క ఇలా ఉంటుంది. ఒక రౌండ్ ట్రిప్‌కి ఖర్చు, కాస్త లాభం కలిపి 110 అని ఒప్పుకున్నారనుకోండి. మొదటి నెల సగటు రాబడి 80 వస్తే ట్రిప్పుకి 30 మీరు కడతారు. ఏడో నెలకు 105 వస్తే 5 కడతారు. 110 దాటితే మీ జేబులోంచి పైసా కదలదు. వినడానికి న్యాయంగానే ఉంది.

చిక్కంతా ఇక్కడే. 80 వచ్చినా 105 వచ్చినా ఎయిర్‌లైన్ చేతికి అందేది 110. మరి సీట్లు అమ్మడానికి వాళ్లెందుకు కష్టపడాలి? మంచి టైమింగ్ ఎందుకివ్వాలి? విమానం వేరే చోట పనిలేక నిలబడే మధ్యాహ్నం గంటలు మీకు కేటాయిస్తారు. పొద్దున వెళ్లి పని చూసుకుని సాయంత్రానికి తిరిగి రావాలనుకునే మనిషికి మధ్యాహ్నం ఒంటిగంట ఫ్లైటు దేనికి? సీట్లు నిండవు. నిండకపోతే హామీ మొత్తం కరిగిపోతుంది. ఏడాది తిరిగేసరికి ‘ఇక్కడ డిమాండ్ లేదండీ’ అనేస్తారు.

కాబట్టి హామీ ఇవ్వాలా వద్దా అనే వాదన పక్కన పెట్టండి. నష్టం వస్తే అందులో ఎయిర్‌లైన్ వాటా ఎంత? కమిటీ తేల్చుకోవాల్సింది అది.

#4 లెక్కలపుస్తకం

ఆడిట్ పని చేసేదాన్ని. ఇలాంటి విషయం ఎవరెత్తినా నాకు ముందు గుర్తొచ్చేది అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని న్యూపోర్ట్ న్యూస్ విమానాశ్రయం.

2014లో పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త ఎయిర్‌లైన్ అక్కణ్నుంచి మొదలైంది. దానికి బ్యాంకు ఇచ్చిన 50 లక్షల డాలర్ల అప్పుకి విమానాశ్రయ కమిషన్ పూచీ పడింది. జూన్ ఆఖరున ఎగరడం మొదలుపెట్టిన సంస్థ సెప్టెంబర్ ఆఖరుకల్లా ఆగిపోయింది. మూణ్నాళ్ల ముచ్చట అయింది. మిగిలిన అప్పు, దాదాపు 45 లక్షల డాలర్లు, ప్రభుత్వ నిధుల్లోంచి తీర్చాల్సి వచ్చింది. ఆ నిధులు అసలు విమానాశ్రయ అభివృద్ధి కోసం ఇచ్చినవి. సంగతి 2017లో బయటపడి, రాష్ట్ర రవాణా శాఖ ఆడిట్ చేసింది.

గాలివాటు గారూ, ఇందులో నన్ను కలవరపెట్టేది పోయిన డబ్బొక్కటే కాదు. ఒక ప్రయాణికుడు ఎక్కినా, ఒక ఫ్లైటు ఎగిరినా ఇంత అని కట్టే ఒప్పందమైతే మూడు నెలల్లో ఆగిపోయిన సర్వీసుకి మూడు నెలల డబ్బే పోయేది. పూచీ పడ్డారు కాబట్టి ఎగరని విమానానికి కూడా కట్టారు. మీ ముసాయిదాలో ‘అడ్వాన్సు’, ‘పూచీకత్తు’, ‘ప్రారంభ ఖర్చులు’ లాంటి మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి వేలు పెట్టి చూడండి.

#5 కొండదారి

ఇక్కడ అందరూ నష్టం గురించే మాట్లాడుతున్నారు. విమానం లేకపోతే జరిగే నష్టం ఏ పద్దులో రాస్తారు? పెద్దాసుపత్రికి ఎనిమిది గంటల రోడ్డు ప్రయాణం ఉన్న చోట ఒక్క సర్వీసు ఉన్నా మనుషుల బతుకు మారుతుంది. రోడ్డు వేసినప్పుడు ఈ రోడ్డు లాభం ఎంత తెస్తుందని ఎవరూ అడగరు.

అమెరికా ఈ సంగతి 1978లోనే గుర్తించింది. ఎయిర్‌లైన్లు తమకు నచ్చిన రూట్లలో, నచ్చిన ధరకు ఎగరొచ్చని ఆ ఏడాది చట్టం చేసినప్పుడు, చిన్న ఊళ్లను వదిలేస్తారనే భయంతో ఎసెన్షియల్ ఎయిర్ సర్వీస్ అనే పథకం కూడా అందులోనే పెట్టారు. ముందు పదేళ్లకే అనుకున్నారు. తర్వాత పొడిగించారు, 1996లో శాశ్వతం చేశారు. ఇప్పటికీ నడుస్తోంది.

#6 షెడ్యూల్‌బల్ల

కొండదారి గారు మంచి ఉదాహరణ తెచ్చారు. ఆ పథకంలో డబ్బు ఎలా ఇస్తారో గమనించండి. ఎయిర్‌లైన్లు టెండరు వేస్తాయి, ఎంచుకున్న సంస్థకి పూర్తయిన ఒక్కో ఫ్లైటుకి ఇంత అని లెక్క. ఫ్లైటు రద్దయితే ఆ ఫ్లైటు సబ్సిడీ రాదు. టికెట్లు ఎక్కువ అమ్ముడైతే ఆ లాభం ఎయిర్‌లైన్‌దే, తగ్గితే నష్టమూ వాళ్లదే. నేను పైన చెప్పిన హామీకి ఇది పూర్తిగా తలకిందులు. ఇక్కడ సీట్లు అమ్మకపోతే నొప్పి తెలిసేది ఎయిర్‌లైన్‌కే.

అలాగని అది అందరికీ ఇచ్చే డబ్బు కాదు. పెద్ద లేదా మధ్యస్థాయి హబ్‌కి, అంటే రద్దీ విమానాశ్రయానికి, 210 మైళ్లలోపు ఉన్న ఊళ్లకు ప్రయాణికుడికి 200 డాలర్లకు మించి సబ్సిడీ పడకూడదని పరిమితి ఉండేది. దగ్గర్లో పెద్ద విమానాశ్రయం ఉన్నవాళ్లకు అంత పోయనక్కర్లేదని దాని అర్థం.

#7 రన్‌వే_27

మరి యూరప్‌లో డిస్కౌంట్ ఎయిర్‌లైన్లకు చిన్న విమానాశ్రయాలు పెద్దపెద్ద మొత్తాలే ఇచ్చాయి కదా? బెల్జియంలోని షార్లెరోయ్ విమానాశ్రయం ఎంతో పెద్దదైపోయింది. ఆశ పెట్టకపోతే వచ్చేవాళ్లా?

#8 చట్టంచూపు

షార్లెరోయ్ గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ కేసును సగమే చెప్పేవాళ్లు ఎక్కువ.

2001లో బెల్జియంలోని వలోనియా ప్రాంతీయ ప్రభుత్వం, షార్లెరోయ్ విమానాశ్రయం కలిసి రయానేర్ అనే డిస్కౌంట్ ఎయిర్‌లైన్‌తో ఒప్పందాలు చేసుకున్నాయి. 15 ఏళ్ల పాటు ల్యాండింగ్ చార్జీ ప్రయాణికుడికి 1 యూరో, మామూలు రేటులో దాదాపు సగం. గ్రౌండ్ హ్యాండ్లింగ్, అంటే సామాను, బోర్డింగ్ లాంటి నేల మీది పనులకు, ఇంకో 1 యూరో. కొత్తగా తెరిచే ఒక్కో రూటుకి 1,60,000 యూరోలు. పైలట్ల శిక్షణకు, సిబ్బంది హోటల్ ఖర్చులకు విడిగా. చార్జీలు పెంచితే ఆ నష్టం భర్తీ చేస్తామని ప్రభుత్వం నుంచి మాట కూడా.

2004 ఫిబ్రవరిలో యూరోపియన్ కమిషన్ ఇందులో కొంత భాగం అక్రమ ప్రభుత్వ సహాయమని తేల్చింది. చాలామంది కథ అక్కడితో ఆపేస్తారు. కానీ 2008 డిసెంబర్‌లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. విమానాశ్రయం, దాని యజమాని అయిన ప్రాంతీయ ప్రభుత్వం రెండింటినీ కలిపి ఒకే వ్యాపారిగా చూసి, మామూలు ప్రైవేటు పెట్టుబడిదారు కూడా ఈ బేరానికి ఒప్పుకునేవాడా అని కమిషన్ పరీక్షించి ఉండాల్సిందని చెప్పింది. మళ్లీ పరిశీలించిన కమిషన్ 2014లో రయానేర్‌తో చేసుకున్న ఒప్పందాల్లో అక్రమ సహాయం లేదంది.

అయితే అదే 2014లో ఫ్రాన్స్‌లోని పో, నీమ్, అంగూలెమ్ విమానాశ్రయాల ఒప్పందాల్లో మాత్రం తప్పు పట్టింది. నీమ్ విషయంలో 64 లక్షల యూరోలు వెనక్కి రాబట్టాలని ఆదేశించింది. రెండింటికీ కొలత ఒకటే. ఇచ్చిన రాయితీ ఆ రూటు తెచ్చే అదనపు ఆదాయంలోంచి, అంటే చార్జీలు, దుకాణాలు, పార్కింగ్‌లోంచి వెనక్కి వస్తుందని ఒప్పందం చేసుకునేటప్పుడే లెక్క వేసి ఉండాలి. తర్వాత అదృష్టం కలిసొచ్చిందా లేదా అన్నది చూడరు.

యూరోపియన్ కమిషన్ 2014 మార్గదర్శకాల్లో మీ కమిటీకి పనికొచ్చే షరతు ఒకటుంది. ఏడాదికి 30 లక్షల లోపు ప్రయాణికులున్న విమానాశ్రయాలు కొత్త రూటుకి మూడేళ్ల వరకు, విమానాశ్రయ చార్జీల్లో సగం దాకా సహాయం ఇవ్వొచ్చు. కానీ సహాయం ఆగాక రూటు సొంతంగా లాభంతో నడుస్తుందని ముందే బిజినెస్ ప్లాన్ చూపాలి. లేదంటే, సహాయం ఎంతకాలం తీసుకుంటారో కనీసం ఇంకో అంతకాలం నడుపుతామని వెనక్కి తీసుకోలేని హామీ ఎయిర్‌లైన్ ఇవ్వాలి.

ఇక నిజంగా ఏ కంపెనీకీ లాభం రాని మారుమూల రూట్లకు యూరోపియన్ యూనియన్ 1008/2008 నిబంధన కింద వేరే ఏర్పాటు ఉంది. బహిరంగ టెండరు పెట్టి, నాలుగేళ్ల దాకా ఒకే సంస్థకు ఆ రూటు అప్పగించి, నష్టం భర్తీ చేయొచ్చు. కొండదారి గారు చెప్పే ఊళ్లకు దారి అది. వ్యాపారానికి ఇచ్చే ప్రోత్సాహాన్ని, ప్రజాసేవకి కట్టే డబ్బుని ఒకే ఒప్పందంలో కలిపేస్తే రెండూ చెడతాయి.

#9 రన్‌వే_27

ఒప్పందం ఎలాంటిదైనా షార్లెరోయ్‌కి 2019లో 80 లక్షల మందికి పైగా వచ్చారు. అది మాత్రం కాదనలేరు కదా.

#10 షెడ్యూల్‌బల్ల

కాదనను. కానీ ఆ విమానాశ్రయాన్ని టికెట్ల మీద ‘బ్రస్సెల్స్ సౌత్’ అని అమ్మారు. దాని వెనక ఒక రాజధాని నగరం, చుట్టూ జనసాంద్రత ఎక్కువున్న ప్రాంతం ఉన్నాయి. డిమాండ్ అక్కడే ఉంది, చవక టికెట్ దాన్ని ఇటు తిప్పింది. అంగూలెమ్‌లోనూ 2008లో రయానేర్‌తో ఐదేళ్ల ఒప్పందమే, 2010కల్లా సర్వీసు ఆగిపోయింది. ప్రోత్సాహకం ఉన్న డిమాండ్‌ని తొందరగా బయటికి లాగుతుంది. లేని డిమాండ్‌ని పుట్టించదు.

#11 తూర్పుగాలి

చాలాకాలంగా చదవడమే కానీ రాయలేదు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే మన దేశపు పథకం ఉడాన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

2016లో విధానం ప్రకటించి, 2017 ఏప్రిల్ 27న సిమ్లా-ఢిల్లీ ఫ్లైటుతో మొదలుపెట్టారు. దాని నిర్మాణం కాగితం మీద చాలా పకడ్బందీగా ఉంది. ఎవరు తక్కువ సబ్సిడీ అడిగితే రూటు వాళ్లకే. మూడేళ్లు ఇంకెవరూ ఆ పథకం కింద పోటీకి రారు. కొన్ని సీట్లకు టికెట్ ధర మీద పరిమితి. రాష్ట్రాలు తమ వాటా కట్టాలి, విమాన ఇంధనం మీద వ్యాట్ 1 శాతానికి తగ్గించాలి. పెద్ద రూట్ల ఫ్లైట్ల మీద లెవీ వేసి ఆ డబ్బుతో చిన్న రూట్లను నడిపిస్తారు.

2023లో కాగ్ నివేదిక వచ్చింది. మూడో విడత దాకా ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసుకున్నవి 112. సబ్సిడీ కాలం ముగిశాక 2023 మార్చి నాటికి ఇంకా నడుస్తున్నవి 54.

నా బాధ ఏమిటంటే, ఈ అంకెలు చూసి చాలామంది ‘సబ్సిడీ దండగ’ అని తేల్చేస్తున్నారు. మొదలే కాని 403 రూట్లలో సబ్సిడీ తప్పేముంది? విమానాశ్రయం సిద్ధం కాలేదు, లేదా నడిపే సంస్థ దగ్గర తగిన విమానాలు లేవు. అక్కడ ఎంత ప్రోత్సాహకం ఇచ్చినా గాల్లోకి లేచేదేమీ ఉండదు. గాలివాటు గారూ, మీతో మాట్లాడుతున్న ఎయిర్‌లైన్ దగ్గర ఈ రూటుకి సరిపడే విమానం ఇప్పుడు చేతిలో ఉందా, రావాల్సి ఉందా? రెండో విమానం ఉందా? ఉన్న ఒక్కటీ మెయింటెనెన్స్‌కి వెళ్తే మీ సర్వీసు ఆ రోజుల్లో లేనట్టే.

#12 కొండదారి

డబ్బు ఎయిర్‌లైన్‌కి కాకుండా నేరుగా ప్రయాణికుడికి ఇస్తే? స్కాట్లాండ్‌లో 2006 నుంచి ద్వీపాల్లో, ఉత్తరపు మారుమూలల్లో ఉండేవాళ్లకు టికెట్ మూల ధరలో తగ్గింపు ఇస్తున్నారు, మొదట 40 శాతం, తర్వాత 50 శాతం. స్పెయిన్‌లో కేనరీ, బలేరిక్ ద్వీపాల వాళ్లకు 75 శాతం. అప్పుడు జనం ఏ సంస్థ బాగుంటే దాన్నే ఎక్కుతారు, కమిటీ ఎవరినీ బతిమాలక్కర్లేదు.

#13 లెక్కలపుస్తకం

ఎక్కడ అప్పటికే విమానాలు నడుస్తున్నాయో అక్కడ అది బాగానే ఉంటుంది. ఒక్క విమానమూ లేని చోట కూపన్ పట్టుకుని దేనికి వెళ్తారు?

పైగా శాతం లెక్కలో ఇంకో ఇబ్బంది ఉంది. 75 శాతం ప్రభుత్వం కడుతున్నప్పుడు ఎయిర్‌లైన్ టికెట్ మీద 40 యూరోలు పెంచితే స్థానికుడికి పడేది 10 మాత్రమే. పెంచినా పెద్దగా పట్టించుకోడు. మిగతా 30 ఖజానా మీద పడుతుంది, అక్కడ నివాసం లేని ప్రయాణికుడికైతే పూర్తి 40 తగులుతుంది. పోటీ లేని రూటులో ఇది తడిసి మోపెడవుతుంది. శాతం బదులు టికెట్‌కి ఇంత అని స్థిరమైన మొత్తం ఇస్తే ఈ బెడద తగ్గుతుంది.

#14 గాలివాటు

అందరికీ చాలా కృతజ్ఞతలు. అడిగినవాటికి జవాబులు. విమానం విషయం: చేతిలో ఉంది అన్నారు, కానీ రాతపూర్వకంగా ఏమీ లేదు. టైమింగ్ విషయం: ముసాయిదాలో ‘రోజుకి ఒక సర్వీసు’ అని మాత్రమే ఉంది, వేళ లేదు. షెడ్యూల్‌బల్ల గారు రాసింది చదివాక ముసాయిదా మళ్లీ తీసి చూస్తే ఇది నా కంట పడింది. రాబడి హామీకి గరిష్ఠ పరిమితి ఉంది, నెలవారీ పరిమితి లేదు.

ఇంకో ప్రశ్న. మా దగ్గర డిమాండ్ ఉందని ఎయిర్‌లైన్‌ని ఎలా నమ్మించాలి? జనాభా, పరిశ్రమల వివరాలతో ఒక పుస్తకం వేశాం. వాళ్లు పేజీ కూడా తిప్పలేదు.

#15 షెడ్యూల్‌బల్ల

జనాభా లెక్కలు మాకు అక్కరకు రావు. మేం వెతికేది ఇది: మీ ప్రాంతం నుంచి ఇప్పుడు ఎంతమంది రోడ్డు మీద దూరపు పెద్ద విమానాశ్రయానికి వెళ్లి, అక్కణ్నుంచి ఎక్కడికి ఎగురుతున్నారు, ఎంత ధర కడుతున్నారు. ట్రావెల్ ఏజెంట్ల బుకింగ్ రికార్డుల్లో ప్రయాణికుల పిన్‌కోడ్ దొరికే వీలుంది. పేర్లు తీసేసి, పిన్‌కోడ్ వారీగా గమ్యస్థానాలు, నెలలు, సగటు టికెట్ ధర ఒక్క పేజీలో పెట్టండి. అలా జారిపోతున్న ప్రయాణికుల సంఖ్య చూపిస్తే ప్లానర్ కుర్చీలో ముందుకు జరుగుతాడు. మీ ప్రాంతపు పెద్ద కంపెనీలు ఏడాదికి ఇన్ని టికెట్లు కొంటామని ముందే డబ్బు జమ చేసే పద్ధతి కూడా అమెరికాలో ఉంది, ట్రావెల్ బ్యాంక్ అంటారు. ఆ జమ సబ్సిడీ కాదు, టికెట్ల రూపంలో వాళ్లే వాడుకుంటారు. నా దృష్టిలో ఒక ఊరు ఇవ్వగల అతి గట్టి సాక్ష్యం అదే.

టైమింగ్ ఒప్పందంలోకి ఎక్కకుండా మాత్రం సంతకం పెట్టొద్దు. బయల్దేరే వేళకు ముందూ వెనకా అరగంట వెసులుబాటు ఇవ్వండి, అంతకు మించొద్దు.

#16 కొండదారి

విచిటా సంగతి కూడా కమిటీకి చెప్పండి. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఆ నగరం 2002లో ఎయిర్‌ట్రాన్ అనే చవక టికెట్ల ఎయిర్‌లైన్‌ని సబ్సిడీతో తెచ్చుకుంది. 2006 నుంచి రాష్ట్రం కూడా ఏడాదికి 50 లక్షల డాలర్లు పెట్టింది. ఎయిర్‌ట్రాన్ రావడంతో అక్కడున్న మిగతా సంస్థలూ ధరలు తగ్గించాయి. అంటే సబ్సిడీ తీసుకోని విమానం ఎక్కినవాడికీ మేలు జరిగింది. ఖర్చు పక్కనే ఆ పద్దు కూడా రాయాలని నా మనవి.

#17 చట్టంచూపు

రాయాల్సిందే. డబ్బు ఎవరి ఖాతాలోంచి వెళ్తుందో కూడా అక్కడే రాయాలి. అమెరికాలో విమానాశ్రయం తన సొంత ఆదాయంలోంచి ఎయిర్‌లైన్‌కి నేరుగా సబ్సిడీ ఇవ్వడానికి వీల్లేదు. కొంతకాలం ఫీజులు మాఫీ చేయొచ్చు, రూటు ప్రచారానికి ఖర్చు పెట్టొచ్చు, అది కూడా అదే షరతులకు వచ్చే ఏ సంస్థకైనా సమానంగా ఇవ్వాలి. అందుకే రాబడి హామీలకు అక్కడ నగరాలు, వ్యాపార సంఘాలు, 2000లో చిన్న ఊళ్ల కోసం పెట్టిన ఫెడరల్ గ్రాంటు పథకం డబ్బు సమకూరుస్తాయి. మీ చోట ఏ నిబంధన వర్తిస్తుందో లిఖితపూర్వకంగా న్యాయ సలహా తీసుకున్నాకే ముందుకెళ్లండి.

#18 లెక్కలపుస్తకం

ముసాయిదాలోకి నావి మూడు మాటలు. లోటులో ఎయిర్‌లైన్ కనీసం నాలుగో వంతు భరించాలి. మీ వాటా మూడు నెలలకోసారి తగ్గుతూ రావాలి. డబ్బు ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు తీరేదాకా మూడో పక్షం చేతిలో ఉండే ఖాతాలో, పెట్టి, ఆ నెల ఎగిరిన ఫ్లైట్లు, టికెట్ రాబడి వివరాలు స్వతంత్ర ఆడిటర్ చూసి సంతకం చేశాకే విడుదల చేయాలి. ఆ ఆడిటర్ ఫీజు మీరే కట్టండి, వాళ్లచేత కట్టించొద్దు.

#19 గాలివాటు

నోట్ చేసుకున్నాను. బయల్దేరే వేళ, రెండో విమానం, లోటులో నాలుగో వంతు: ఈ మూడూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే హామీ గురించి మాట్లాడదామని కమిటీకి ఈ రాత్రే లేఖ పంపుతున్నాను. ఫీజుల మాఫీ ఎలాగూ ఇస్తాం. ట్రావెల్ ఏజెంట్లతో రేపు ఉదయం సమావేశం పెట్టుకున్నాం, షెడ్యూల్‌బల్ల గారూ, ఆ ఒక్క పేజీ తయారయ్యాక ఇక్కడ పెడతాను. ఒకసారి చూసి పెట్టండి.